చలిలో బైక్: కొత్తగా నడిపేవాళ్లు ఏ పని ముందు చేయాలి, ఎలా చేయాలి

చలిలో బైక్ ఎక్కితే రెండు చోట్ల పట్టు తగ్గుతుంది. రోడ్డు మీద టైరుకి, లివర్ మీద వేళ్లకి. చెయ్యి తిరిగినవాళ్లు ఒకటి తగ్గినా రెండోదాంతో నెట్టుకొస్తారు. కొత్తవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. బ్రేక్ ఎంత నొక్కితే ఎంత ఆగుతుంది, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుంది అన్నది మీరింకా వేళ్లతోనే నేర్చుకుంటున్నారు. ఆ వేళ్లు కొయ్యబారిపోతే నేర్చుకున్నది అక్కరకు రాదు. అందుకే ఇక్కడ చెప్పేవి బట్టల గురించైనా బండి గురించైనా, వేళ్లలో స్పర్శ ఇంటికి చేరేదాకా నిలబడడానికే.

వెళ్లాలా వద్దా, ముందు తేల్చుకోండి

ఫోన్‌లో ఉష్ణోగ్రత చూడండి. 3 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉంటే కొత్తవాళ్లు బండి తీయొద్దు. గాలి సున్నాకి పైనే ఉన్నా నేల దానికన్నా చల్లగా ఉండొచ్చు, ముఖ్యంగా ఆకాశం మబ్బు లేకుండా తేటగా ఉన్న రాత్రి తర్వాత. రాత్రి వాన పడి తెల్లవారుజామున గడ్డకట్టే చలి వేసిందంటే ఎండ రోడ్డు మీద పడి ఒకట్రెండు గంటలు గడిచేదాకా ఆగండి. అంత అత్యవసరమైన పని అయితే బస్సు ఉంది, కారు ఉంది.

ఫోన్‌లో కనిపించే అంకె నిలబడి ఉన్న మనిషికి. బండి మీద లెక్క వేరు. 10 డిగ్రీల చలిలో గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి అది 5 డిగ్రీల్లా తగులుతుంది. 5 డిగ్రీల్లో 80 మీద వెళ్తే సున్నాకి ఇంకో 3 డిగ్రీలు కిందున్నట్టే. కాబట్టి గుమ్మంలో నిలబడి "ఈ మాత్రం చలికి ఇన్ని బట్టలా" అనిపిస్తే సరిగ్గానే వేసుకున్నారని అర్థం. గుమ్మంలోనే హాయిగా ఉంటే రోడ్డు మీద సరిపోవు.

ముందురోజు సాయంత్రం బండి చూసుకోండి

పొద్దున హడావిడిలో ఇవి జరగవు. రాత్రే చూసుకుంటే పావుగంట పని.

టైర్ల గాలితో మొదలుపెట్టండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే బైక్ టైరులో సుమారు 1.5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. ఎండాకాలంలో 30 పెట్టించి మర్చిపోయిన టైరు చలికాలం పొద్దున 26, 27 చూపిస్తే వింత కాదు, పైగా మామూలుగా కారిపోయేది వేరే ఉంటుంది. బండి కదలకుండా కనీసం రెండు మూడు గంటలు ఉన్నాకే గేజీ పెట్టాలి. తిరిగొచ్చిన వేడి టైరు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. ఎంత పెట్టాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో చైన్ కవర్ మీదో అతికించిన స్టిక్కర్లో ఉంటుంది. "చలికి పట్టు బాగుంటుంది" అని గాలి తగ్గించే అలవాటు కొందరికి ఉంది. తారు రోడ్డు మీద అలా చేయకండి. హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో బండి అటూ ఇటూ ఊగుతుంది. టైరు గాడులు 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే తడి రోడ్డు మీదకి తీసుకెళ్లొద్దు.

తర్వాత బ్యాటరీ. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మోటారుకి బరువు పెరుగుతుంది. ఎండాకాలమంతా బాగానే ఉన్న బ్యాటరీ మొదటి చలికే మొరాయించేది అందుకే. మల్టీమీటర్ ఉంటే బండి ఆపిన కొన్ని గంటల తర్వాత కొలవండి. 12.6 వోల్టులు, ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 కన్నా తక్కువైతే ఆ రాత్రే చార్జర్‌కి పెట్టండి. టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుంటే గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి బ్రష్‌తో రుద్ది తుడవండి, ఆరాక కొంచెం గ్రీజు రాయండి.

కొత్తవాళ్లు ఎవరూ చూసుకోనిది లివర్ల సంగతి. మందపాటి గ్లవ్స్ తొడుక్కున్నాక వేళ్లకి లివర్ దూరమవుతుంది, క్లచ్ పట్టుకునే చోటు తెలియదు. గ్లవ్స్‌తోనే బండి మీద కూర్చుని క్లచ్ లాగి చూడండి. లివర్ చివర ఖాళీ ఆట (క్లచ్ పని మొదలయ్యేలోపు లివర్ వదులుగా కదిలే దూరం) సాధారణంగా 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఉండాలి, మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. లివర్ కోణం కూడా చూడండి. ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండాలి. మణికట్టు పైకి వంచి లాగాల్సి వస్తే చలిలో తొందరగా నొప్పి పుడుతుంది. బూట్లు కూడా వేసుకుని గేర్ లివర్ కింద వేళ్లు దూర్చి చూడండి. మందపాటి బూటు దూరకపోతే గేర్ పైకి పడదు. ఆ లివర్‌ని షాఫ్ట్ మీదున్న పళ్లలో ఒక పన్ను పైకి జరిపి బిగిస్తే సరిపోతుంది. మెకానిక్‌కి ఐదు నిమిషాల పని.

హెడ్‌లైట్ అద్దం, వెనక లైటు, ఇండికేటర్లు తడిగుడ్డతో తుడవండి. నీటితో చల్లబడే ఇంజన్ అయితే కూలెంట్‌లో ఉత్త నీళ్లు ఉండకూడదు. ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం కలిపితే సుమారు సున్నాకి 37 డిగ్రీలు కిందిదాకా గడ్డకట్టదు.

బట్టలు: ఛాతీ వెచ్చగా ఉంటేనే వేళ్లు వెచ్చగా ఉంటాయి

చేతులు చల్లబడగానే అందరూ ఇంకా మందం గ్లవ్స్ కొంటారు. సగం సార్లు తప్పు గ్లవ్స్‌ది కాదు. ఒంటి నడిమి భాగం చల్లబడితే గుండె, కాలేయం లాంటివి కాపాడుకోవడానికి శరీరం చేతులకీ కాళ్లకీ పంపే రక్తం తగ్గించేస్తుంది. ఆ రక్తమే వేళ్లకి వేడి. అది రాకపోతే ఎంత మందపాటి గ్లవ్స్ అయినా చల్లటి వేళ్లని చల్లగానే దాచిపెడతాయి. కాబట్టి వరుస ఇదీ: ముందు ఛాతీ, మెడ, తర్వాత మోకాళ్లు, చివర వేళ్లు.

ఒంటికి ఆనుకుని ఉన్నిదో పాలిస్టర్‌దో థర్మల్ వేసుకోండి. నూలు బనియన్ వద్దు. చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, బండి కదలగానే ఆ తడి ఐసులా తగులుతుంది. దాని మీద ఫ్లీస్ గానీ స్వెటర్ గానీ. అన్నిటికన్నా పైన గాలి చొరబడని జాకెట్. స్వెటర్లు నాలుగు వేసినా గాలి లోపలికి దూరితే అవి ఉన్నా లేనట్టే. గాలి ఆపే జాకెట్ లేకపోతే వాన లేకున్నా రెయిన్ కోట్ జాకెట్ మీద వేసుకోండి, బాగా పనిచేస్తుంది. దారిలో చలి ఎక్కువైతే మడత పెట్టిన న్యూస్‌పేపర్ జాకెట్ లోపల ఛాతీ మీద దోపుకోవడం పాత చిట్కా. ఇప్పటికీ పనికొస్తుంది.

హెల్మెట్‌కీ జాకెట్ కాలర్‌కీ మధ్య ఖాళీ నుంచే ఎక్కువ చలి దిగుతుంది. గొట్టంలా ఉండే నెక్ వార్మర్ మంచిది. మఫ్లర్ చుట్టుకుంటే రెండు కొసలూ జాకెట్ లోపలికి పూర్తిగా దోపి జిప్ వేయండి. వేలాడే కొస చక్రంలోనో చైన్‌లోనో పడితే మెడకే ఉచ్చు. వెనక కూర్చున్నవాళ్ల చున్నీ, శాలువా విషయంలోనూ ఇదే జాగ్రత్త. హెల్మెట్ లోపల పలచటి మాస్క్ వేసుకోవచ్చు. మందపాటి ఉన్ని మంకీ క్యాప్ వేసుకుని హెల్మెట్ ఇరికిస్తే అది సరిగ్గా కూర్చోదు, స్ట్రాప్ బిగదు, దెబ్బ తగిలితే కాపాడదు.

ఇక గ్లవ్స్. కొనేటప్పుడు తొడుక్కుని గుప్పిట మూయండి. వేళ్ల కొసల దగ్గర బిగుతుగా లాగితే వద్దు, రక్తం ఆడదు. తర్వాత అదే గ్లవ్స్‌తో బల్ల మీద ఉన్న తాళంచెవి తీయండి. తీయలేకపోతే ఇండికేటర్ బటన్ కూడా మీ వేలికి తెలియదు. పలచటి లోపలి గ్లవ్స్ మీద గాలి ఆపే మామూలు గ్లవ్స్ వేసుకోవడం, ఒకే మందపాటి జత కన్నా చాలామందికి బాగా కుదురుతుంది. గ్లవ్ అంచుకీ జాకెట్ చేతికీ మధ్య చర్మం కనిపించకూడదు.

హ్యాండిల్‌కి తొడిగే మఫ్‌లు చాలా వెచ్చగా ఉంటాయి. కాకపోతే ఒక ప్రమాదం ఉంది. మెత్తటి మఫ్ వేగంగా వెళ్లేటప్పుడు గాలికి వెనక్కి నొక్కుకుని బ్రేక్ లివర్‌ని తాకుతుంది. వేగం పెరిగినకొద్దీ బ్రేక్ లైటు వెలుగుతున్నా, బండి లాగుతున్నట్టు ఉన్నా కారణం అదే కావచ్చు. గట్టి ప్లాస్టిక్ హ్యాండ్ గార్డ్ బిగించి దాని మీద మఫ్ తొడిగితే ఆ బాధ ఉండదు. వేడెక్కే గ్రిప్‌లు జతకి 30 నుంచి 40 వాట్లు లాగుతాయి. చిన్న బండికి పెట్టించేముందు దాని చార్జింగ్ అంత మోయగలదో లేదో అడగండి. లేకపోతే చేతులు వెచ్చగానే ఉంటాయి, పొద్దున సెల్ఫ్ తిరగదు.

కాళ్లకి బిగుతుగా రెండు జతల సాక్సులు వేసుకోవడం కన్నా ఒక్క ఉన్ని జత మేలు. బూటు లోపల వేళ్లు కదలాలి.

వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) లోపల ఆవిరి పట్టకుండా గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క మెత్తటి గుడ్డ మీద వేసి లోపలివైపు పలచగా రాయండి, ఆరాక ఇంకో పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవండి. ఒకట్రెండు రోజులు పనిచేస్తుంది. లోపల రెండో పొరలా అతికే యాంటీ ఫాగ్ ఇన్సర్ట్ అన్నిటికన్నా నమ్మకమైనది. సిగ్నల్ దగ్గర ఆగితే వైజర్ ఒక మెట్టు తెరవండి, కదిలాక మూయండి. చలికాలంలో నల్ల వైజర్ వద్దు. సాయంత్రం తొందరగా చీకటి పడుతుంది.

ఖాళీ స్థలంలో పావుగంట

ఇన్ని బట్టలతో మొదటిసారి ట్రాఫిక్‌లోకి వెళ్లకండి. మీకు అలవాటైన బండే వేరేలా అనిపిస్తుంది. ఎండ ఉన్న వేళ ఖాళీ పార్కింగ్ స్థలమో మైదానమో చూసుకుని, అన్నీ వేసుకుని ఇవి చేయండి.

1. బండి ఆపి ఉంచి హారన్, ఇండికేటర్, డిమ్ స్విచ్ చూడకుండా వేలితో వెతకండి. తలుచుకోగానే దొరికేదాకా చేయండి. మఫ్‌లు ఉంటే చేతులు బయటికి తీసి మళ్లీ లోపలికి పెట్టడం పదిసార్లు.
2. భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడండి. కాలర్, నెక్ వార్మర్ అడ్డొస్తే సర్దుకోండి.
3. ఫస్ట్ గేర్‌లో క్లచ్ సగం వదిలి నడక వేగంతో 20 మీటర్లు, పదిసార్లు.
4. గంటకి 30 కిలోమీటర్ల నుంచి రెండు బ్రేకులతో ఆగండి. ముందు బ్రేక్‌ని రెండు వేళ్లతో, తడిబట్ట పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి పెంచుతూ నొక్కండి.

నాలుగోది కుదిరేదాకా మిగతా మూడూ ఎంత బాగా వచ్చినా రోడ్డు మీదకి వెళ్లకండి.

స్టార్ట్ చేయడం, మొదటి 5 కిలోమీటర్లు

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే తాళం తిప్పాక పంపు గుయ్‌మనే శబ్దం ఆగేదాకా రెండు మూడు క్షణాలు ఆగి, క్లచ్ లాగి సెల్ఫ్ కొట్టండి. 5 సెకన్లకి మించి నొక్కి పట్టుకోకండి. స్టార్ట్ కాకపోతే 15 సెకన్లు బ్యాటరీకి ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ కొట్టండి. కార్బొరేటర్ బండికి చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ ముట్టకుండా స్టార్ట్ చేయండి. అర నిమిషం తర్వాత చోక్ సగానికి, రెండు మూడు నిమిషాల్లో పూర్తిగా తీసేయండి. చోక్ మర్చిపోయి బయల్దేరితే యాక్సిలరేటర్ వదిలినా బండి ముందుకే తోస్తుంది. మలుపులో అది కొత్తవాళ్లని బెదరగొడుతుంది.

రాత్రంతా చల్లగా ఉన్న బండికి క్లచ్ ప్లేట్లు ఆయిల్‌తో ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఫస్ట్ గేర్ వేయగానే టక్కుమని ఎగిరి దూకేది దానివల్లే. గేర్ వేసేముందు క్లచ్ పూర్తిగా లాగి పట్టుకుని రెండు మూడుసార్లు తేలిగ్గా రేజ్ ఇవ్వండి, ఇంజన్ మళ్లీ నెమ్మదించాక బ్రేక్ పట్టుకుని గేర్ వేయండి.

పావుగంట నిలబెట్టి వేడి చేయనక్కర్లేదు. ఒక నిమిషం చాలు. మొదటి 5 కిలోమీటర్లు సగం యాక్సిలరేటర్ దాటకుండా నడపండి. ఆ దూరం ఇంజన్ కోసం ఎంతో టైర్ల కోసమూ అంతే. చల్లటి రబ్బరు గట్టిగా ఉండి రోడ్డుని పట్టుకోదు. పాములా అటూ ఇటూ తిప్పితే టైర్లు వేడెక్కుతాయని కొందరు చేస్తారు. దాంతో పెద్దగా వేడెక్కవు, పడడం మాత్రం జరగొచ్చు. నిటారుగా వెళ్తూ మెల్లగా బ్రేక్ వేయడం, మెల్లగా వేగం పెంచడం, అంతే. కొత్త టైర్లయితే మొదటి 150 కిలోమీటర్లు బండిని ఎక్కువ వంచకండి.

రోడ్డు మీద

ముందు బండికీ మీకూ మధ్య కనీసం 4 సెకన్ల దూరం ఉండాలి. అది ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టి, మీరు ఆ స్తంభం దగ్గరకి ఎప్పుడు వచ్చారో చూసుకోండి. 60 మీద బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. వేళ్లు బిగుసుకుని బ్రేక్ అర సెకను ఆలస్యమైనా 8 మీటర్లు పోయినట్టే.

మలుపుకి ముందే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకోండి. గేర్ దించాక క్లచ్ ఒక్కసారిగా వదలకండి, వెనక చక్రం జారుతుంది. ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా నొక్కినా చక్రం తిరుగుతూ ఉండేలా చూసే ఏర్పాటు) ఉంటే చక్రం బిగుసుకుపోదు, అంతవరకే. లేని పట్టుని అది తీసుకురాలేదు.

ఎండ పడే రోడ్డు పొడిగా ఉన్నా, చెట్ల నీడలో, కొండ పక్క మలుపులో పొద్దెక్కేదాకా తడీ మంచూ ఉంటాయి. కాబట్టి నీడలోకి వెళ్లకముందే వేగం తగ్గించండి. వంతెనలకి కిందా పైనా చల్లగాలే కాబట్టి మిగతా రోడ్డు కన్నా ముందు గడ్డకడతాయి. వాటి ఇనుప అతుకులు, మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది రంగు గీతలు, తడి ఆకులు నిటారుగా దాటాల్సినవి, వాటి మీద బ్రేక్ వేయకూడదు.

బ్లాక్ ఐస్, అంటే రోడ్డు మీద కనిపించకుండా పరుచుకునే పలచటి మంచుగడ్డ పొర, కంటికి తడి రోడ్డులాగే మెరుస్తుంది. తేడా ఏంటంటే ముందు వెళ్లే బండి చక్రాల నుంచి తుంపర లేవదు, టైర్ల చప్పుడు హఠాత్తుగా తగ్గిపోతుంది. దాని మీదకి వచ్చేశారని తెలిస్తే బ్రేక్ ముట్టకండి, హ్యాండిల్ తిప్పకండి. చూపు దూరంగా, మోకాళ్లు ట్యాంక్‌కి ఆనించి, చేతులు వదులుగా, క్లచ్ మెల్లగా లాగి బండిని తనంతట తాను దాటనివ్వండి. దాటాక ఆగి వెనక్కి తిరగడం గురించి ఆలోచించండి. ఒకచోట ఉందంటే ఇంకోచోటా ఉంటుంది.

పొగమంచులో లో బీమ్ వాడండి. హై బీమ్ వేస్తే మంచు బిందువులు ఆ వెలుగుని తిరిగి మీ కళ్లలోకే కొడతాయి. 30 మీటర్ల అవతల ఏమీ కనిపించకపోతే గంటకి 30 కిలోమీటర్లు దాటకండి. తడి రోడ్డు మీద 30 నుంచి ఆగడానికి, ఆలోచించే సెకనుతో కలిపి, దాదాపు 17 మీటర్లు పడుతుంది. 60 నుంచి అయితే 50 మీటర్లు. ముందున్న లారీ వెనక లైటు పట్టుకుని పోవడం ధైర్యంలా అనిపిస్తుంది గానీ, అది దేన్నైనా గుద్దితే మీరు దాన్ని గుద్దుతారు. వైజర్ బయట పేరుకునే నీళ్లని ఎడమ బొటనవేలితో తుడవండి, కుడి చెయ్యి యాక్సిలరేటర్ వదలకూడదు. ఆగాల్సి వస్తే రోడ్డు అంచున కాదు, పూర్తిగా రోడ్డు దిగి ఆగండి.

పొద్దునా సాయంత్రం సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు మీ నీడ చూసుకోండి. అది మీ ముందు పొడుగ్గా పడుతోందంటే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో సూర్యుడు ఉన్నట్టే. మీకు రోడ్డంతా తేటగా కనిపిస్తున్నా వాళ్లకి మీరు కనిపించరు.

వేళ్లు మాట వినకపోతే

చలిగా ఉన్నా లేకున్నా 30, 40 నిమిషాలకోసారి ఆగండి. ఆగినప్పుడు బొటనవేలిని చిటికెనవేలి కొసకి ఆనించి చూడండి. ఆనకపోయినా, ఆనినట్టు తెలియకపోయినా బ్రేక్ మీద మీకు అదుపు లేనట్టే. వేడెక్కేదాకా బండి ఎక్కొద్దు. రెండు చేతులూ చాచి పెద్ద వృత్తంలా ఇరవై ముప్ఫైసార్లు తిప్పితే రక్తం వేళ్ల కొసలకి పరుగెడుతుంది. వేడివేడిగా ఏదైనా తాగండి. మద్యం వద్దే వద్దు. అది చర్మానికి వెచ్చదనం తెచ్చినట్టు చేసి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. గ్లవ్స్‌ని సైలెన్సర్‌కి ఆనించి వేడి చేసుకోకండి, అరచేతి భాగం కరిగిపోతుంది.

ఒళ్లంతా వణుకుతుంటే ఆ రోజుకి ప్రయాణం ఆపి వెచ్చటి గదిలోకి వెళ్లండి. మాట తడబడడం, గేర్లు తప్పు వేయడం, ఇండికేటర్ ఆపడం మర్చిపోవడం లాంటివి మీకన్నా వెనక కూర్చున్నవాళ్లకి ముందు తెలుస్తాయి. వాళ్లు ఆపమంటే వాదించకుండా ఆపండి. చలి తగ్గకుండానే వణుకు ఆగిపోతే అది కుదుటపడడం కాదు, ఒళ్లు వేడి పుట్టించుకోలేని స్థితికి వచ్చింది. అప్పుడు వెంటనే వైద్య సాయం కావాలి.

ఇంటికొచ్చాక

మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగితే అదే రోజు బండి కడగండి. చల్లటి నీళ్లతోనే, ఎందుకంటే వేడినీళ్లు ఉప్పు ఇనుముని తినేసే పనిని ఇంకా తొందర చేస్తాయి. తడి తుడిచి, చైన్ ఇంకా వెచ్చగా ఉండగానే లోపలి వైపు నుంచి లూబ్ కొట్టండి, రాత్రంతా ఇంకుతుంది. తోలు గ్లవ్స్ హీటర్ మీద ఆరబెట్టకండి. బిగుసుకుపోయి మర్నాడు వేళ్లు వంగవు.

కొన్నాళ్లకి ఆయిల్ పోసే మూత తీస్తే లోపల వెన్నలాంటి తెల్లటి జిడ్డు కనిపించొచ్చు. చాలావరకు అది చిన్న చిన్న దూరాలు తిరగడంవల్ల ఇంజన్ సరిగ్గా వేడెక్కక, లోపలి ఆవిరి ఆయిల్‌లో కలిసి ఏర్పడినదే. తుడిచేసి, వారానికొకసారైనా 30 నిమిషాలు ఆపకుండా నడిపితే ఆవిరైపోతుంది. దాంతో బ్యాటరీ కూడా కోలుకుంటుంది. స్టాండ్ వేసి ఐడిల్‌లో పది నిమిషాలు ఉంచితే ఈ రెండిట్లో ఏదీ జరగదు. అయితే కూలెంట్ మట్టం కూడా తగ్గుతూ ఉంటే మాత్రం ఆ జిడ్డుని తేలిగ్గా తీసుకోకండి. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగం అతుకులో ఉండే సీలు) చూపించుకోవాలి.